సలహా సాబు ఫోటో తీగకెక్కిన వైనం

ఆ రోజుల్లో సలహా ఇవ్వాలంటే ఎదుటి మనిషి ముఖం చూస్తూ ఇవ్వాల్సి వచ్చేది. అందుకని జనం ఆచితూచి మాట్లాడేవారని మాత్రం అనుకోకండి. ఇప్పుడు నా ఫోన్‌లో ఫోటోలు తీసేవాళ్ల గుంపులు మూడున్నాయి. ఎవరో కొత్త పిల్ల తన మొదటి బొమ్మ పెట్టి ‘ఎలా ఉంది, ఏం మార్చుకోవాలి?’ అని అడగడమే ఆలస్యం, నలభై మంది మీద పడతారు. వెలుతురు తప్పంటాడొకడు, నిలబడ్డ చోటు తప్పంటాడొకడు, అసలు కెమెరా అమ్మేసుకోమని ఇంకొకడు. అవి చదువుతుంటే నాకు వాళ్ల మీద కోపం రాదు, చెవులు వేడెక్కుతాయి. ఎందుకంటే ఎనభైల మొదట్లో, జహీరాబాద్‌లో, ఆ నలభై మంది పనినీ నేనొక్కణ్ణే చేసేవాణ్ణి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఒక సర్కారు దఫ్తరులో కొత్త గుమాస్తాను. మా బావ గల్ఫ్ నుంచి వస్తూ నాకొక కెమెరా తెచ్చిచ్చాడు. దాని కటకం చుట్టూ ఉన్న అంకెలు చూసి మా అమ్మ ‘ఇది బస్సు మీటరా ఏంది?’ అంది. కెమెరాతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని నేను బట్టీ పట్టాను. తాదూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, సరిగ్గా ఆరు రీళ్లు తీసినవాణ్ణి ఊరికంతా ఫోటోగ్రఫీ నేర్పే బాధ్యత నెత్తికెత్తుకున్నాను. బస్టాండు వెనక సందులో ఫోటో చిచ్చా స్టూడియో ఉండేది. (అసలు పేరు ఎవరూ పిలవగా నేను వినలేదు. ఆయన భార్య కూడా ‘చిచ్చా ఇంట్ల లేడు’ అనేది.) ఆదివారం పొద్దున కెమెరాలున్న నలుగురైదుగురం ఆ వరండాలో చేరేవాళ్లం. అటు గోడ నుంచి ఇటు గోడకు చిచ్చా ఒక తీగ కట్టి, బట్టలకు పెట్టే చిమటాలతో మా ఫోటోలు దానికి తగిలించేవాడు. చాయ్ తాగుతూ వాటిని చూసి మాట్లాడుకోవడమే మా సభ.

ఆ సభకు చిచ్చా ఒక్కటే కాయిదా పెట్టాడు. “కొత్తగొచ్చినోని ఫోటోల తప్పు చెప్పాల్నంటే, మొదలు నీ తప్పు ఫోటో తీగకు కట్టు. తర్వాత నోరు తెరువు.” చిచ్చా దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. దాని నిండా అందరి పాడైన ఫోటోలే. కరెంటాఫీసులో పనిచేసే అన్న ఒక కొత్తవాడికి ‘తల పైన జాగా ఇడువాలె తమ్మీ’ అని చెప్పాలంటే, ముందు ఆ డబ్బాలోంచి తాను తీసిన తలలేని పెండ్లికొడుకును బయటికి తీసేవాడు. అందరం నవ్వేవాళ్లం, కొత్తవాడూ నవ్వేవాడు, ఆ నవ్వులో సలహా ఎప్పుడు మింగాడో వాడికే తెలిసేది కాదు. చిచ్చా తన పెండ్లిలో తానే తీసిన ఫోటో కూడా అందులో ఉండేది. పెండ్లికూతురి చెవి ఒక్కటే పడింది.

ఆ కాయిదా నుంచి తప్పించుకున్న ఏకైక ఘనుణ్ణి నేను. “నా దగ్గర ఖరాబైనవి లేవు చిచ్చా” అనేవాణ్ణి ఠీవిగా. (ఉన్నాయి. బోలెడు. కడిగించిన రోజే చింపి పారేసేవాణ్ణి.) చిచ్చా కళ్లద్దాల పైనుంచి చూసి ఊరుకునేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, నేను మాత్రం ఏ తప్పూ కట్టకుండానే అందరి తప్పులూ లెక్కబెట్టేవాణ్ణి. వాళ్లు నాకు ‘సలహా సాబు’ అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని పొంగిపోయాను.

ఒక ఆదివారం న్యాల్‌కల్ టీచరమ్మ వచ్చింది. ఊళ్లోని బడిలో కొత్తగా చేరిన మనిషి, న్యాల్‌కల్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. సంచిలోంచి ఒక డబ్బా కెమెరా తీసి ఒళ్లో పెట్టుకుంది. వాళ్లన్న ఫౌజులో చేరుతూ ఆమెకిచ్చి వెళ్లాడట. అందులో తొమ్మిది బొమ్మలు అయిపోయి మూడు మిగిలాయి. “మా అవ్వ ఫోటో తియ్యాలె సారూ” అంది. వాళ్లవ్వకు ఒక్కతే చెల్లెలు, కర్ణాటక దిక్కు ఒక పల్లెలో ఉంటుంది. ఈమెకు మోకాళ్లు పోయాయి, ఆమెకు నడుము పోయింది. తొమ్మిదేళ్లుగా ఒకరినొకరు చూసుకోలేదు. ఈ బుధవారం కాక ఆపై బుధవారం టీచరమ్మ చిన్నాయన జాతరకు అటు వెళ్తున్నాడు, ఆయన చేతికి ఫోటో ఇచ్చి పంపాలి. చిక్కంతా అవ్వతోనే. జన్మలో ఫోటో దిగలేదు. ‘నా మొకం నాకెర్కనే, చెల్లెకు ఎర్కనే, మధ్యల డబ్బకెందుకు?’ అనేదట. నెల రోజులు బతిమాలితే ఒక్కసారి కూర్చుంటానని ఒప్పుకుంది. ఒక్కసారే.

కరెంటాఫీసు అన్న చెయ్యి బిస్కెట్ల డబ్బా వైపు పోతోంది. దాని మూత వచ్చేలోపే నేను అందుకున్నాను. అంకెలన్నీ చెప్పాను. ఎండకు ఏ అంకె, నీడకు ఏ అంకె, ముసలివాళ్ల చర్మానికి ఏ అంకె. (అలాంటి అంకె లేదు. అప్పటికప్పుడు పుట్టించాను.) పాపం ఆమె తన డబ్బాను అటూ ఇటూ తిప్పి వెతుక్కుంటోంది. దాని మీద ఉన్నవి రెండే గుర్తులు, ఒక సూర్యుడూ ఒక మబ్బూ. అది నేను చూడనే లేదు. చివరికి నా అసలు రహస్యం చెప్పాను. “మూడు మిగిలినయి కదా, మూడూ అవ్వకే పెట్టున్రి. ఒక్క జాగల కెమెరా పెట్టి వెంట వెంటనే మూడుసార్లు నొక్కున్రి. మధ్యల దాని మీద చెయ్యి వెయ్యద్దు. మీట మీద ఒక్క వేలు, అంతే. జరంత కదిలినా ఖతం.”

“చెయ్యి వెయ్యకపోతే మరి సారూ, ఈ పక్కన బిళ్ల...” అని ఆమె ఏదో అడగబోయింది.

“మొదలు నేను చెప్పేది పూర్తిగా వినున్రి” అన్నాను.

ఆమె బుద్ధిగా నోటుబుక్కులో రాసుకుంది. నేను అంత గంభీరంగా ఎవరికీ ఎన్నడూ పాఠం చెప్పలేదు, ఎవరూ నా మాటలు అలా రాసుకోనూ లేదు. ఆ వారమంతా దఫ్తరులో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

మళ్లీ ఆదివారం టీచరమ్మ నవ్వుకుంటూ వచ్చింది. “అవ్వ కూసున్నది సారూ. మీరు చెప్పినట్లే తీసిన, మూడూ!” చిచ్చా కెమెరా అందుకుని వెనక, రీలు ఎన్నో బొమ్మ దగ్గరుందో అంకె కనిపించే చిన్న ఎర్ర కిటికీలోకి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. “బిడ్డా, గిది పది దగ్గరనే ఉన్నది గద? పదకొండు, పన్నెండు తియ్యలేదా?” అన్నాడు. “అన్నీ తీసిన చిచ్చా. చెయ్యి వెయ్యకుండ మూడుసార్లు నొక్కిన” అంది. చిచ్చా తల తిప్పి నా వైపు చూశాడు.

నాకు అప్పుడు వెలిగింది. నా గల్ఫ్ కెమెరాలో ఒక బొమ్మ తీశాక రీలు ముందుకు తిప్పకపోతే మీట నొక్కుకోదు. కాబట్టి తిప్పమని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆమె డబ్బాకు అంత తెలివి లేదు, ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లూ ఒకే ముక్క మీద తీసిపెడుతుంది. ఆమె అడగబోయిన ‘పక్కన బిళ్ల’ రీలు తిప్పే బిళ్లే. అంటే అవ్వ మూడు ఫోటోలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. “నాకు అనుమానం వచ్చింది సారూ” అంది టీచరమ్మ మెల్లగా. “గని మీరు గంత తెలిసినోళ్లు, నాకేం తెలుసని తిప్పకుండ ఉన్న.” ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నేను ఆ వరండాలో ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాను.

చిచ్చా చీకటి గదిలోకి వెళ్లాడు. తడి ఫోటో పట్టుకుని బయటికొచ్చి తీగకు తగిలించాడు. గడపలో అవ్వ కూర్చుంది. నడుము ఒకటే, తలలు మూడు. ఒకటి మనల్ని గుర్రుగా చూస్తోంది. ఒకటి పక్కకు తిరిగి ఎవరినో తిడుతోంది (జొన్నల మీదికొచ్చిన మేకనట). మూడోది కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వెనక తలుపులో చీకటి ఉండడంతో మూడూ శుభ్రంగా పడ్డాయని చిచ్చా అన్నాడు. కరెంటాఫీసు అన్న నవ్వు ఆపుకోలేక చాయ్ చొక్కా మీద ఒంపుకున్నాడు. టీచరమ్మ నవ్వలేదు. “ఎల్లుండి దాటితే చిన్నాయన పోతడు” అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. చెప్పినోడే తీస్తడు. రేపు పొద్దుగాల బస్సుకు పో మియా” అన్నాడు చిచ్చా నాతో.

మర్నాడు సెలవు పెట్టి న్యాల్‌కల్ వెళ్లాను. అవ్వ మూడు తలల ఫోటో చేతిలో పట్టుకుని గడపలోనే కూర్చుని ఉంది. “ముగ్గురున్నరేందే?” అంది మనవరాలితో. “నాది తప్పయింది అవ్వా” అన్నాను నేను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వేనా సలహా చెప్పినోనివి? ఒక్కసారి కూసుంటనన్న, కూసున్న. మల్ల కూసోను.” నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. గంటసేపటికి, నా ముఖం చూసి జాలిపడి కాబోలు, “కానియ్ బిడ్డా, ఏడుస్తవేమో” అని సర్దుకుని కూర్చుంది. ఇక నా విద్యంతా చూపించాను. గడ్డం పైకెత్తమన్నాను. కొంగు సవరించాను. మేకను కట్టేయించాను. నవ్వొద్దన్నాను, కళ్లార్పొద్దన్నాను, ఊపిరి బిగబట్టమన్నాను. నొక్కాను. ఫోటో అద్భుతంగా వచ్చింది. ముఖం మీది ప్రతి ముడతా లెక్కబెట్టుకోవచ్చు. మంగళవారం చిచ్చా దాన్ని పెద్దది చేసిచ్చాడు. మూడు తలలదీ పోనీ అని టీచరమ్మ రెండు ఫోటోలూ చిన్నాయన చేతిలో పెట్టింది.

పది రోజులు నాకు అన్నం సయించలేదు. తరువాతి ఆదివారం గడిచి, ఆపై ఆదివారం టీచరమ్మ వచ్చింది. చెల్లెలు ఏమందని అడిగే ధైర్యం నాకు లేకపోతే చిచ్చానే అడిగాడు. ఆమె నవ్వుతూ, చిన్నాయన కన్నడంలో విని తెలుగులో చెప్పిన మాటలు చెప్పింది. చెల్లెలు మూడు తలల ఫోటో పట్టుకుని చాలాసేపు ఏడ్చిందట, తరువాత నవ్విందట. “‘మా అక్క ఒక్క తీరుగ ఎన్నడున్నది? తిడతనే ఉంటది, నవ్వుతనే ఉంటది. గీ ఫోటో తీసినోళ్లకు మా అక్క మంచిగ ఎర్క’ అన్నదంట. మంచం పక్కన గోడకు పెట్టుకున్నది.”

“మరి నాది?” అన్నాను ఉండబట్టలేక.

టీచరమ్మ తటపటాయించి సంచిలోంచి నా అద్భుతాన్ని తీసింది. “వాపస్ పంపింది సారూ. ‘గీమె ఎవరో పానం బాగలేనట్లున్నది, జర దవాఖానకు తోల్కపోన్రి’ అన్నదంట.”

ఆ నవ్వులు సద్దుమణగడానికి రెండు చాయ్‌లు పట్టింది. నిజమే, ఫోటోలో అవ్వ కళ్లు మిడిగుడ్లేసుకుని, దవడలు బిగించి, నా ఆజ్ఞ మేరకు ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంది. చిచ్చా ఒక చిమటా తీసి నా చేతిలో పెట్టాడు. నేనే లేచి నా ఫోటోను తీగకు తగిలించాను. తిరిగి వచ్చి కూర్చున్నాక ఆ వరండాలో మొదటిసారి హాయిగా చాయ్ తాగాను. ఆ రోజే టీచరమ్మ నన్ను సారూ అనడం మాని అన్నా అంది.

చిచ్చా పోయి చాలా ఏళ్లయింది. పోయేముందు డబ్బాలోని ఎవరి ఫోటోలు వాళ్లకు పంచేశాడు, నాది నాకొచ్చింది. మొన్న మా గుంపులో ఒక కొత్త పిల్ల తన తాతయ్య ఫోటో పెట్టి సలహా అడిగింది. పాత తీట ఎక్కడికి పోతుంది? పన్నెండు వరుసలు టైపు చేశాను. అవన్నీ చెరిపేసి, ‘నీ దగ్గరున్నది ఏ కెమెరా తల్లీ?’ అని అడిగాను. ఆ కింద కాయిదా ప్రకారం నేను తీసిన అవ్వ ఫోటో పెట్టాను, ఇది నా తప్పు అని రాసి. ఆ పిల్ల వెంటనే అడిగింది: ‘బాగానే ఉంది కదా అంకుల్! కానీ ఈ అవ్వ ఊపిరెందుకు బిగబట్టుకుంది?’

నాలో నేను నవ్వుకుని జవాబు రాశాను: ‘నేనే బిగబట్టమన్నానమ్మా. వదలమని చెప్పడం మరిచిపోయాను.’