ఆషాఢంలో అడగబోయిన మాట

సూర్యాపేట బస్టాండులో పొద్దున ఏడింటికి కోదాడ బస్సెక్కాను. ఎక్కాను అనడం మర్యాద కోసం. నిజానికి నా వెనకాలున్న నలభై మంది కలిసి నన్ను ఎక్కించారు. నా ఎడమకాలి చెప్పు అందరికంటే ముందే లోపలికి పోయి డ్రైవరు పక్కన చోటు సంపాదించుకుంది. ఎనభైల చివరి రోజులు, ఆషాఢమాసం, ముసురు. బస్సు పైకప్పుకు ఎన్ని చిల్లులున్నాయంటే, బయట తుంపర పడుతుంటే లోపల జోరుగా వాన కురుస్తోంది. ముందు సీటు పెద్దమనిషి గొడుగు తెరిచి కూర్చున్నాడు. ఆ గొడుగు మీది నీళ్ళన్నీ నా ఒళ్ళోకే.

నా ప్రయాణానికి కారణం కోపం. అప్పుడు నేను సూర్యాపేటలో డ్రాయింగు మాస్టర్ని. రెండు నెలల కిందట కోదాడ లింగయ్య గారి చిన్నకూతురు సుజాతతో నాకు పూలుపండ్లు జరిగాయి, అంటే సంబంధం ఖాయమైంది. ఆ రోజు ఆమె తల ఎంత వంచుకుని కూర్చుందంటే నేను చూసింది ఒక్క పాపిట. ఇప్పటికైనా కళ్ళు మూసుకుని ఆ పాపిటను మలుపులతో సహా గీయగలను. "పిల్లకు ఇష్టమేనా?" అని పురోహితుడు అడిగితే వాళ్ళ మేనత్త "ఆఁ" అంది. "పిల్లగానికో?" అంటే మా యాదగిరి మామ "వానికేంది, వాడు ఎప్పుడో రెడీ" అన్నాడు. చప్పట్లు కొట్టారు. లడ్లు పంచారు. ఇంతకూ మా ఇద్దర్నీ అడిగినవాడు లేడు.

ఆ తర్వాత రెండు నెలలు మాకు ఖాయమైన జంట అని పేరు. మధ్యలో మాటలు మోసేది యాదగిరి మామ. ఆయన మోసుకొచ్చే కబురు ఎప్పుడూ ఒకటే: "అందరు మంచిగున్నరు, కోడికూర పెట్టిన్రు." ఆ కోడికూర వింటూ వింటూ నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆ పిల్లకు నేనంటే అసలు ఇష్టమా? కాదా? ఎవరికీ చెప్పకుండా పోయి, ఎదురుగా నిలబడి, ఆమెనే అడగాలి. ఆమె ఆశ్చర్యపోవాలి. పాలకోవా డబ్బా ఒకటి కొన్నాను, అడిగే మాటను అద్దం ముందు వందసార్లు వల్లె వేశాను, బయలుదేరాను.

మునగాల రాకముందే పక్క సీటామె నన్ను మోచేత్తో పొడిచింది. "గుర్తువట్టలేదా సారూ? నీ పూలుపండ్లల్ల రెండోసారి పెరుగడిగింది నేనే. సత్తెమ్మను. లింగయ్యోళ్ళ గల్లీనే."

నమస్కారం పెట్టాను. నా కుడిచెయ్యి ఆమె కంట పడింది.

"ఉంగరమేది? లింగయ్య పెట్టిన ఉంగరం?"

"జేబులో ఉన్నదమ్మా." బిగుతుగా ఉండి వేలు వంకాయలా వాచిపోతే, పొద్దున్నే సబ్బు రాసి ఊడబీకాను. ఆ కథంతా బస్సులో ఎందుకని చెప్పలేదు.

"ఒక్కనివే పోతున్నవా? పెద్దమనుషులు ఎవ్వరు లేకుండ?"

"ఒక్కడినే. చిన్న పనుంది."

అంతే, కోదాడ దాకా సత్తెమ్మ నా ఖాళీ వేలినే చూస్తూ కూర్చుంది. బస్సు ఆగగానే నా పాలకోవా డబ్బా మీద కాలేసి తొక్కి మరీ దిగి, ఆ వయసులో ఆ బురదలో పరుగు తీసింది. పాపం ఏం అవసరమో అనుకున్నాను.

ఎనిమిదిన్నరకు బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాను. సాంబారు సాగర్ కాలవలా పారుతోంది, ఇడ్లీలు దాంట్లో కొట్టుకుపోతున్నాయి. అక్కడినుంచి కంసాలి దగ్గరికి పోయి ఉంగరం సాగదీయమని ఇచ్చాను. "సాయంత్రం రండి సార్, బ్రహ్మాండంగా చేసి పెడతా" అన్నాడు. తొమ్మిదిన్నరకు లింగయ్య మామ గుమ్మం ముందు నిలబడ్డాను.

గుమ్మంలో ఒక పెద్ద గంప. అందులో పూలుపండ్లనాడు మేం పెట్టిన చీర, వెండి పట్టీలు, కుంకుమ భరిణె. వాటిమీద రెండు డజన్ల అరటిపండ్లు. మేం పెట్టిన పండ్లు వాళ్ళు తిని రెండు నెలలైంది. వాటి బదులు అప్పటికప్పుడు కొత్తవి కొనుక్కొచ్చి పెట్టారు!

"తీసుకెళ్ళండి," అన్నాడు మామ, మంచం మీదినుంచి లేవకుండా. "ఎవరి సొమ్మూ మాకొద్దు. లెక్క చూసుకోండి."

"ఏమైంది మామా?"

"ఏమైందో నన్నడుగుతున్నారా? నేను పెట్టిన ఉంగరమేది?"

"కంసాలి దగ్గర."

మామ అత్తయ్య వైపు తిరిగాడు. "ఇన్నవా? అమ్ముకున్నాడంట గూడా!"

అప్పుడు నా బుర్రకు వెలిగింది. మా వైపు ఆషాఢంలో పెళ్ళి ముచ్చట ఎవరూ ఎత్తరు. ఎత్తేది సంబంధం వద్దనుకున్నవాడొక్కడే, తెంపుకోవడానికి మంచి నెల చూడనక్కర్లేదు గనక. అదీ పెద్దమనుషులు లేకుండా, ఒంటరిగా, ఖాళీ వేలితో వచ్చాడంటే ఇంక సందేహమే లేదు. ఈ పద్ధతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోపంలో నాకే గుర్తు రాలేదు.

"తెంపుకోవడానికి రాలేదు మామా. సుజాతతో ఒక మాట మాట్లాడాలని వచ్చిన."

"మా పిల్లతో మీకేం మాటలు? ఏదున్నా నాతో చెప్పండి!"

"మీతో పెళ్ళి కాదు గదా!" అని అరిచాను. గల్లీలో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఇంతలో అత్తయ్య ఏడుస్తూ చెప్పింది, సుజాత ఇంట్లోనే లేదని. అక్కకు జ్వరమని మొన్ననే మిర్యాలగూడ పోయిందట. ఈ సంగతి యాదగిరి మామకు తెలుసట. ఆయన నాకు కోడికూర సంగతి మాత్రమే చెప్పాడు.

పదిన్నరకు మిర్యాలగూడ బస్సు. హుజూర్‌నగర్ పోవలసిన రైతు ఒకాయన తన యూరియా బస్తా తెచ్చి నా పాదాల మీద దింపి, "జర జరుగు బిడ్డా. మొకం గట్ల వెట్టినవేంది, ఎవరన్న సచ్చిన్రా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. హుజూర్‌నగర్‌లో ఆయన బస్తాతో సహా దిగిపోయాడు, నా పాదాలు మాత్రం బస్తా ఆకారంలోనే మిగిలాయి. దారి పొడుగునా నా కోపం రకరకాలుగా పెరిగింది. మామ మీద, సత్తెమ్మ మీద, పంచాంగం రాసినవాళ్ళ మీద. కోపం కింద భయం కూడా ఉంది. ఇంత జరిగాక ఆ పిల్ల వద్దంటే? అనడానికి ఇప్పుడు ఆమెకు కావలసినంత కారణం దొరికింది.

మిర్యాలగూడలో ఒంటిగంటకు దిగాను. రైస్‌మిల్లుల వీధిలో లారీల మధ్య దారి వెతుక్కుంటూ పోతే అక్కడి ఊక దుమ్ము తడిసిన నా ఒంటికి అంటుకుని, అడుగడుగుకూ బరువు పెరిగాను. అక్కగారి ఇంటి ముందు సుజాత నిలబడి ఉంది. తలెత్తిన సుజాతను చూడడం అదే మొదటిసారి. చూడకపోతేనే బాగుండుననిపించింది, అంత కోపంగా ఉంది.

"రండి. తెంపుకోటానికి వచ్చారంట గదా. బావోళ్ళ మిల్లుకు మా నాయిన ఫోన్ చేశాడు. ఇంత దూరం ఎందుకు, కార్డుముక్క రాస్తే సరిపోయేది."

"కాదు. నిన్ను ఒక మాట అడుగుదామని..."

ఆ మాట పూర్తి కాకముందే ఆమె వెనకనుంచి బావగారు ముందుకొచ్చాడు. "ఏందా మాట? నాకు చెప్పు, నేను చెప్త జవాబు."

సుజాత ఆయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. లోపలికి పోయి చెప్పులు వేసుకుని, సంచి చేత పట్టుకుని వచ్చింది. "నడవండి కోదాడకి. ఇక్కడ ఏం అడిగినా నాకంటే ముందు ఇంకెవరో చెప్తారు."

మధ్యాహ్నం రెండింటి బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. ఖాయమైన జంటగా మేం బతికిన బతుకంతా ఆ బస్సులోనే. మొదటి మాటలూ మొదటి పోట్లాటా ఒకేసారి కానిచ్చాం.

"రెండు నెలల నుంచి మీ ఇంట్లో నుంచి వస్తానే ఉన్నారు," అంది. "చీర రంగు అడిగారు, గాజుల సైజు అడిగారు. అన్నింటికీ మా అమ్మే చెప్పింది. నా చెప్పుల సైజు గూడా మా అమ్మే చెప్పింది. తప్పు చెప్పింది!"

"అందుకే గదా నేనొచ్చిన!"

"ఎప్పుడొచ్చినవ్? మా నాయిన అరటిపండ్లు గూడా కొన్నంక వచ్చినవ్!" 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. కోపంలోనే అయినా నాకు బాగుంది.

కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి మా సీటుకు ఆనుకుని నిలబడ్డాడు. "ఇంతకు ఏమడుగనీకి వచ్చినవ్ సారూ? అడుగు మరి. మేం గూడ ఇంటం."

అద్దం ముందు వల్లె వేసిందంతా మర్చిపోయాను. "నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా?" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగడుగు, ఎనకసీట్లోళ్ళకు ఇనవడ్తలేదు!" అని కండక్టరు. మళ్ళీ అరిచాను. బస్సంతా మా వైపు తిరిగింది. డ్రైవరు కూడా వేగం తగ్గించాడు.

"ఆలోచించి చెప్తా," అంది సుజాత, కిటికీ వైపు తిరిగి.

ఆమె ఆలోచించింది. మడికట్లు పోయాయి, కాలవలు పోయాయి, ఊళ్ళు వచ్చి పోయాయి, హుజూర్‌నగర్ కూడా వచ్చి పోయింది. నాకు జుట్టు నెరవడం మొదలైంది ఆ దారిలోనే. దిగవలసినవాళ్ళు దిగేముందు "ఇంక చెప్పలేదా?" అని అడిగి దిగారు. చివరికి ఇటు తిరిగింది.

"ఇష్టమే. నువ్వు కోపిష్టోడివి, తెలివి గూడా తక్కువే ఉన్నట్టుంది. అయినా ఇష్టమే. నా చెప్పుల సైజు ఆరు."

కండక్టరు విజిల్ వేశాడు. స్టాపు లేని చోట డ్రైవరు బస్సు ఆపేశాడు.

కోదాడలో మామ గుమ్మంలో ఆ గంప అట్లాగే ఉంది. సుజాత దాన్ని కాలితో లోపలికి నెట్టి, "నాయినా, ఈయన నన్ను అడిగాడు. నేనే చెప్పా," అంది.

"ఏమడిగాడు?"

"చేసుకుంటవా అని."

మామ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అది ఎప్పుడో అయిపోయింది గదమ్మా!" అన్నాడు. నా కోపం మళ్ళీ మొదటికొచ్చింది. అత్తయ్య బలవంతాన చేతిలో పెట్టిన అరటిపండు తొక్కతో సహా కొరికాను.

కంసాలి ఉంగరాన్ని బ్రహ్మాండంగానే చేశాడు, రెండు వేళ్ళు పట్టాయి. ఆరింటికి సూర్యాపేట బస్సు. ఈ దారిన పోదలచినవారికి ఒక మాట: కిటికీ పక్కన కూర్చోకండి, ఆషాఢంలో అసలు పోకండి, పోతే మాత్రం అడగవలసినవాళ్ళనే అడగండి. పక్క సీటాయన మునగాలలో దిగాలట. బీడీ ఆర్పేసి పలకరించాడు.

"ఏడికి పోయొస్తున్నవ్?"

"పిల్లను చేసుకుంటవా అని అడగడానికి."

"ఎవర్ని, వాళ్ళ నాయిననా?"

"పిల్లనే."

ఆయన కొంచెం దూరం జరిగాడు. "ఏమన్నది మరి?"

"సరే అన్నది."

"సరే అంటే గింత కోపంగెందుకున్నవయ్యా?"

చెప్పడం మొదలుపెట్టాను. పురోహితుడి దగ్గరినుంచి మామ దాకా ఒక్కరినీ వదల్లేదు. ఆయన తల ఊపుతూ, మధ్యమధ్యలో "అయ్యో" అంటూ విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగేసరికి మునగాల ఎప్పుడో వెనకబడి, బస్సు చివ్వెంల దాటుతోంది. ఆయన కిటికీలోంచి చూసి, నెత్తి కొట్టుకుని, నన్నూ నా పెళ్ళినీ కలిపి తిట్టుకుంటూ వానలో దిగిపోయాడు.