సారు చేతిలో సీతాఫలం

ఆదివారం, కార్తీక మాసం. మధ్యాహ్నానికి అయిన పనులు: బట్టలు ఉతికి ఆరేశాను, ఇడ్లీకి పప్పు నానబోశాను, వంటింటి డబ్బాలు కడిగి ఎండబెట్టాను, నాచారం మార్కెట్‌లో సీతాఫలాలు కొన్నాను. సంచి ఇంట్లో దించాక గుర్తొచ్చింది, అందులో సగం ఇవ్వాల్సిన మనిషి లేరని. మా కింది ఇంటి సారు మొన్న బుధవారం నిద్రలోనే పోయారు.

ఉప్పల్ సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కానీ పాఠం మానలేదు. కూరగాయల సంచితో మెట్లెక్కే వాళ్లను ఆపి, అక్కడే బెండకాయ విరిచి లోపలి గదులు చూపించేవారు. "సూడున్రి, సూడున్రి!" అన్న గొంతు వినబడితే పిల్లలు ఆట వదిలేసి వచ్చేవారు. మేము పొయ్యి ఆపేసి వెళ్లేవాళ్లం.

నిరుడు చలి మొదలైన రోజుల్లో నా మూడేళ్ల మనవరాలికి జలుబు చేసింది. చూస్తుండగానే అది పిల్లికూతలైంది, ఆయాసమైంది. ఏఎస్ రావు నగర్‌లో పిల్లల దవాఖానాలో చేర్చి ఆక్సిజన్ పెట్టించాం. ముక్కులోంచి నమూనా తీసి పరీక్షకు పంపితే 'హ్యూమన్ బోకావైరస్' అని వచ్చింది. కరోనా చూసినవాళ్లం కదా, ఇంకో వైరస్ పేరు వినగానే నా కూతురు వరండాలో గోడకు ఆనుకుని కూలబడింది. నేను సారుకు ఫోన్ చేశాను.

"పేరు తర్వాత చెప్పు చెల్లె. పిల్ల పాలు తాగుతున్నదా? ఊపిరి తీస్తుంటె పక్కటెముకల కింద గుంట పడుతున్నదా? పెదవులు ఏ రంగున్నయి?"

నిన్న గుంట పడింది, ఇవాళ తగ్గింది, పాలు తాగింది అని చెప్పాను.

"గట్లయితె ఫికర్ తక్కువనే. ఇగ చెప్పు, ఏం వైరసు?"

"బోకా అంట సార్."

"బోకానా! అబ్బబ్బ!" ఆయన కేకకు వరండాలో వాళ్లంతా నా వైపు తిరిగారు. "నేను సదువుకునేటప్పుడు దీని ఊసే లేదు చెల్లె! ఇది కొత్తగ పుట్టింది కాదు, మనకు కొత్తగ తెలిసింది. ఎన్ని తరాల పిల్లలకు వచ్చి పోయిందో!"

ఆ మాట నా కూతురికి చెప్పాను. లేచి వెళ్లి ముఖం కడుక్కుంది. డాక్టరు కూడా దీనికి వేరే మందు లేదని, యాంటీబయాటిక్ పనిచేయదని, ఊపిరికి సాయం చేస్తూ కనిపెట్టుకుని ఉండడమే వైద్యమని చెప్పారు. పిల్ల తేరుకుంది.

ఇంటికి తెచ్చిన రోజు మెట్ల దగ్గర అందరూ మూగారు. సారు సీతాఫలం ఒకటి పైకెత్తి పట్టుకున్నారు. ఆ కళ్లలో మెరుపు ఇప్పటికీ నాకు కనబడుతోంది.

"వైరస్‌ను గింత పెద్దగ జేసి చూస్తె, కొంచెం గిట్లనే ఉంటది! దీని చుట్టాలు దూడలల్ల ఉన్నయి, కుక్కలల్ల ఉన్నయి. ఎంత పెద్ద ఖాందానో సూడున్రి!"

అందరం నోళ్లు తెరుచుకుని విన్నాం. మర్నాటికి మా మెట్ల కింద పడుకునే నల్లకుక్క లేదు! మూడో అంతస్తు కోడలు దాన్ని వాచ్‌మన్‌తో ఆటోలో జవహర్‌నగర్ పంపించేసింది. తన పాపను కిందికి రానివ్వడం కూడా మానేసింది. ఆ పాపా, నా మనవరాలూ రోజూ కలిసి ఆడుకునేవారు. ఇప్పుడు కుక్కా లేదు, స్నేహితురాలూ లేదు. నా మనవరాలు అన్నం గిన్నెతో మెట్ల కింద నిలబడిపోయింది.

సారు అది చూశారు. "నేను సగమే చెప్పిన. నా నోరే దాన్ని ఎల్లగొట్టింది. నడువు చెల్లె, తెద్దాం."

వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆటోలో బయల్దేరాం. నల్లకుక్క కనబడితే చాలు, "ఆపు, ఆపు!" అని దూకేవారు. "కాదు, ఇది మగది" అంటూ మళ్లీ ఎక్కేవారు.

"సార్, కుక్కను ఎతుకుతున్నరా, పెండ్లి సంబంధం సూస్తున్నరా?" అన్నాడు ఆటో అతను.

చివరికి ఒక టీ కొట్టు వెనక నుంచి మాది పరుగెత్తుకొచ్చింది. ఆయన అరుపేదో, దాని అరుపేదో తెలియలేదు!

ఆ సాయంత్రమే గడప గడపకూ తిరిగారు. "కుక్కలది కుక్కలకే. పిల్లలకు పిల్లల నుంచే వస్తది, దగ్గుతోని, తుమ్ముతోని, చేతులతోని. సబ్బుతోని మంచిగ కడుగున్రి. జలుబు పిల్లకు పక్కటెముకల కింద గుంట పడితె మాత్రం ఆగకున్రి, దవాఖానాకు ఉరకున్రి." అందరూ సరే అన్నారు, మూడో అంతస్తు కోడలు తప్ప.

"చుట్టమని మీరే కద సార్ అన్నది!"

"చుట్టమైతె ఇంటికి రావాల్నా బిడ్డా? నీ చుట్టాలందరు వస్తున్నరా?"

"వస్తనే ఉన్నరు సార్, గదే కద నా బాధ!"

మెట్ల మీదున్న మేమంతా నవ్వాం. ఆమె మాత్రం తలుపు వేసుకుంది. పాప ఏడాదిగా ఆటకు కిందికి దిగలేదు. నేను ఎదురైనప్పుడల్లా సారు వేలు పైకి చూపించి, "గా ఇల్లు ఒక్కటి బాకీ ఉన్నది చెల్లె" అనేవారు.

ఇందాక సీతాఫలాలు తుడుస్తుంటే ఆ కోడలే మా గుమ్మంలోకి వచ్చింది. పాప చెయ్యి పట్టుకుని ఉంది. పాప దవాఖానాలో ఉండి నిన్ననే ఇంటికి వచ్చిందట.

"ఆంటీ, దీనికి గూడ గదే వచ్చింది, బోకా! ఏడాది సంది కుక్క నీడ తగలనియ్యలే. అయినా వచ్చింది. సార్ చెప్పిన గుంట కనబడంగనే ఉరికినం, మంచిగైంది. సార్‌కు చెప్దామని దిగిన..." కింద తాళం వేసిన తలుపు వైపు చూసి కళ్లు తుడుచుకుంది. "గిది మీతోనన్న చెప్పాలె కద."

అయితే తలుపు మూసే ముందు ఆమె మొత్తం విన్నదన్నమాట! పిల్లలిద్దరికీ సబ్బుతో చేతులు కడిగించి చెరో పండు ఇచ్చాను.

ఇప్పుడు ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. నా మనవరాలు సీతాఫలాన్ని పైకెత్తి "సూడు, సూడు!" అంటోంది. నల్లకుక్క ఇద్దరి మధ్యా కూర్చుని ఆ పండునే చూస్తోంది.

సారు బాకీ, మూడో అంతస్తు: చెల్లు.