కేబుల్‌లో లోపమని నేనన్న మాట

మార్కాపురం బయట ఉన్న ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నేను కంప్యూటర్ సెంటర్ చూసుకునేవాణ్ణి. వారానికి రెండు ల్యాబ్ క్లాసులు కూడా చెప్పేవాణ్ణి. ఒక ఎండాకాలం, క్యాంపస్ మొత్తానికి వైఫై పెట్టే పని నాకు అప్పగించారు. తనిఖీ బృందం వచ్చేలోగా ఏ గదిలో కూర్చున్నా నెట్ రావాలన్నది డైరెక్టరుగారి ఆజ్ఞ. నాకప్పటికి ముప్పై ఏళ్లు దాటలేదు. అంత పెద్ద పని నా చేతికి రావడం అదే మొదలు.

వైర్లు లాగడానికి క్యాంపస్ ఎలక్ట్రీషియన్‌ను ఇచ్చారు. ఊళ్లోని ముస్లిం కుటుంబం ఆయనది. యాభై దాటిన మనిషి. పాత బ్లాకు పునాది తీసిన నాటి నుంచీ అక్కడే పని చేస్తున్నాడు. నేను ఆయన్ని చిన్నాయనా అనేవాణ్ణి. నలుగురిలో నన్ను సార్ అన్నా, ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన నాయనా అని పిలిచేవాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే నాకో రొట్టె తీసి పెట్టకుండా తినేవాడు కాదు.

వైఫై పెట్టెలు ఎక్కడెక్కడ బిగించాలో నేను కంప్యూటర్‌లో ప్లాన్ గీశాను. గోడలు దేంతో కట్టారో ఆ ప్రోగ్రాం అడుగుతుంది. అన్ని భవనాలకూ ఇటుక అని నొక్కేశాను. పాత బ్లాకు రాతి కట్టడం. రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్లేవాణ్ణి, అయినా ఆ సంగతి తట్టలేదు. అక్కడ వరండాలో మూడు పెట్టెలు చాలని ప్లాన్ చెప్పింది. నేను నమ్మాను.

ఆయన ప్లాన్ కాగితం చూసి, గోడ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది రెండడుగుల గోడ నాయనా. నా డ్రిల్లు బిట్టే పోదు, నీ సిగ్నల్ యాడ పోతది? సెమినార్ హాల్లో లోపలొకటి పెట్టు."

"కంప్యూటర్ లెక్కేసి చెప్పింది చిన్నాయనా."

"కంప్యూటరు ఈ గోడ ఎప్పుడు చూసినాది?"

నవ్వాను. ఆయనా నవ్వి నిచ్చెన ఎక్కాడు. నేను గుర్తు పెట్టిన చోటే బిగించాడు. ఆయన పని చూస్తే ముచ్చటేసేది. వైరు ఎక్కడా వంకర పోయేది కాదు. ప్రతి కొసకూ తెల్ల టేపు చుట్టి, అది ఏ గదికి పోయేదో తెలుగులో రాసేవాడు.

తనిఖీకి నాలుగు రోజుల ముందు ఆయన కంప్యూటర్ సెంటర్‌కు వచ్చాడు. పాత బ్లాకు సెమినార్ హాల్లో నిలబడి ఫోన్‌లో చూశాడట.

"వీడియో తిరగతానే ఉంది నాయనా, రాలేదు. లైబ్రరీలో పెట్టెలు ఎక్కువున్నాయి గదా, రెండు తీసి ఆడ పెడదాం. రెండు రోజుల పని. నేను చేస్తా."

ఆయన చెప్పింది నిజమని నాకు అప్పుడే అర్థమైంది. కానీ ప్లాన్ మార్చాలంటే డైరెక్టరుగారి సంతకం కావాలి. సంతకం అడిగితే మొదట తప్పు గీశానని చెప్పాలి. "సెట్టింగ్స్‌లో సర్దుతాలే" అన్నాను. సెట్టింగ్స్‌లో సర్దేది ఏమీ లేదని నాకు తెలుసు.

తనిఖీ బృందం వచ్చింది. లైబ్రరీలో మెచ్చుకున్నారు, హాస్టల్లో మెచ్చుకున్నారు. పదకొండు గంటలకు సెమినార్ హాల్లో కూర్చున్నారు. బృందం పెద్ద తన ల్యాప్‌టాప్ తెరిచి, కనెక్ట్ కాక, ఒకసారి పైకి, ఒకసారి డైరెక్టరుగారి వైపు చూశాడు. హాల్లో అధ్యాపకులున్నారు. మంచినీళ్లు, పూలగుత్తులు అందించడానికి నిలబెట్టిన విద్యార్థులున్నారు. ఏదన్నా అవసరమైతే చూస్తాడని ఎలక్ట్రీషియన్‌ను తలుపు పక్కన ఉండమన్నారు.

"ఏందయ్యా ఇది?" అన్నారు డైరెక్టరుగారు నా వైపు తిరిగి.

"కేబుల్ వర్క్‌లో ఏదో లోపం సార్" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదది. కానీ అన్న తరువాత వెనక్కి తీసుకోవడానికి కావలసినంత సమయం ఉంది. డైరెక్టరుగారు ఎలక్ట్రీషియన్ మీద విరుచుకుపడ్డారు. ఇన్నేళ్లు ఉండి ఒక వైరు సరిగ్గా లాగలేవా అన్నారు. వయసైపోతే ఇంటికి పొమ్మన్నారు. ఆయన ఒక్కసారి నా ముఖంలోకి చూశాడు. నేను ల్యాప్‌టాప్ మీదికి వంగి ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాను.

"చూస్తా సార్" అని ఆయన బయటికి పోయాడు.

వారం లోపల ఆయన్ని క్యాంపస్ చివర ఉన్న పంపు షెడ్డుకు మార్చారు. కేబుల్ సరిచేసే పనని చెప్పి, లైబ్రరీ నుంచి రెండు పెట్టెలు తీయించి, బయటి పనివాళ్లతో సెమినార్ హాల్లో పెట్టించాను. నెట్ బ్రహ్మాండంగా వచ్చింది. చెడిపోయిన పనిని నిలబెట్టానని సమావేశంలో నన్ను పొగిడారు. ఆ తరువాత దారిలో ఎదురైతే ఆయన సార్ అనే అన్నాడు, ఇద్దరమే ఉన్నా సరే.

తనిఖీ నివేదిక రాగానే డైరెక్టరుగారికి నిజం చెబుదామనుకున్నాను. నివేదిక వచ్చింది. సెలవులయ్యాక అనుకున్నాను. రెండేళ్లు గడిచి డైరెక్టరుగారు వేరే చోటికి వెళ్లిపోయారు. మరికొన్నాళ్లకు ఎలక్ట్రీషియన్ కూడా మానేసి, మార్కాపురంలో మోటార్లు చుట్టే దుకాణం పెట్టుకున్నాడని విన్నాను.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఆ దుకాణానికి వెళ్లాను. స్టూలు వేసి, టీ తెప్పించాడు. జరిగిందంతా నా నోటితో చెప్పాను. ఆయన రాగితీగ చుడుతూనే విన్నాడు.

"నాకు తెలియంది ఏముంది సార్ అందులో? ప్లాన్ మీరు గీసినారు, గోడ నేను చూసినా."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నా బిడ్డ ఆ హాల్లోనే ఉండె. నీళ్ల గ్లాసులిచ్చేదానికి నిలబెట్టినారు. మీ ల్యాబ్ క్లాసే ఆ పిల్లది."

ఆయన కూతురు మా క్యాంపస్‌లో చదివిందని కూడా నాకు తెలియదు. ఆయన ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

"ఇంటికొచ్చినాక అడిగింది, తప్పు నీదేనా అని. నాదే అయ్యుంటుందిలే అన్నా. ఇంకేం చెప్పేది సార్? మీరు దానికి పాఠం చెప్పే మనిషి. సారు అబద్ధం ఆడినాడంటే, రేపు మీ ముందర ఎట్ల కూర్చుంటది?"

టీ గ్లాసు కింద పెట్టాను. ఆ అమ్మాయితో మాట్లాడతానన్నాను. వద్దన్నాడు. ఉద్యోగం చేసుకుంటున్నది, ఇప్పుడెందుకన్నాడు. నేను పట్టు వదలకపోతే, చివరికి ఫోన్ కలిపి, ఉర్దూలో రెండు మాటలు చెప్పి నాకిచ్చాడు.

ఆ అమ్మాయికి అంతా చెప్పాను. తప్పు నాదేనని, మీ నాన్న పనిలో ఒక్క అంగుళం కూడా తేడా లేదని చెప్పాను.

"ఆ రోజు నుంచి నేను క్యాంపస్‌లో నాన్న ఎదురైతే పక్క దారిన పోయినా సార్" అంది. "మా ఫ్రెండ్స్ చూస్తారని. చదువు అయిపోయేంతవరకు అట్లనే పోయినా. ఆయనకు తెలుసు."

ఫోన్ నాన్నకు ఇవ్వమంది. ఫోన్ తీసుకుని ఆయన దుకాణం బయటికి వెళ్లి, ఎండలో గోడకు ఆనుకుని మాట్లాడాడు. ఆయన వినడమే ఎక్కువ, మాట్లాడింది తక్కువ. లోపలికి వచ్చి, ముఖం తువ్వాలుతో తుడుచుకుని, మళ్లీ తీగ అందుకున్నాడు.

"టీ చల్లారింది, ఇంకోటి చెప్తా" అన్నాడు.

వద్దని లేచాను. ఆ హాల్లో నిజం చెప్పి ఉంటే నాకు పడేవి నాలుగు తిట్లు. మహా అయితే ఒక మెమో ఇచ్చేవాళ్లు. బస్టాండు దాకా నడుస్తూ అదే లెక్క వేసుకున్నాను. క్యాంపస్‌లో తండ్రిని చూసి ఆ అమ్మాయి తప్పుకుపోయిన రోజులు, అది తెలిసీ తెలియనట్టు ఆ మనిషి నడిచిన రోజులు, అవన్నీ నేను పాఠాలు చెప్పుకుంటూ తిరిగిన రోజులే.