అరగంట అడ్జస్ట్‌మెంటు

ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా మా రేపల్లె లైనులో పొద్దస్తమానం వాడే ఇంగ్లీషు మాట అడ్జస్ట్. తెనాలి వెళ్ళే బండిలో నలుగురు కూర్చున్న బల్ల దగ్గరికి ఐదో మనిషి వచ్చి "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటే జరగమని అర్థం. ఆరో మనిషి వచ్చి అదే మాట అంటే, సంచి ఒళ్ళో పెట్టుకుని ముడుచుకోమని. బాపట్లలో మా అక్క అత్తగారు అన్నప్పుడు దాని అర్థం ఇంకోటి. మరిదికి పెళ్ళయ్యాక ముందుగది కొత్తజంటకి ఇచ్చేసి అక్కా బావా వరండాలోకి మారారు. అది ఒక నెల అన్నారు. బావ పోయేదాకా వాళ్ళ మంచం వరండాలోనే ఉంది. సర్దుకుపోవడం, ఒదిగి ఉండడం, ఓర్చుకోవడం అని తెలుగులో ఎన్ని మాటలున్నా, ఆ ఇంట్లో ఇంగ్లీషు మాటే వాడేవారు. అందులో అడిగేవాళ్ళకి కాస్త మర్యాద కనబడుతుంది కాబోలు.

నేను రైసుమిల్లులో తూకాలు చూస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం చిత్తుకాగితాల మీద సొంతంగా నేర్చుకున్నాను. మిల్లులో కాటా అడ్జస్ట్ చెయ్యడమంటే, పైన ఏమీ లేనప్పుడు సున్నా చూపించేలా సరిచెయ్యడం. నాకు తెలిసిన అర్థాలన్నిట్లో ఎవరి దగ్గరా ఏమీ తీసుకోనిది అదొక్కటే. మిగతా చోట్ల ఒకరు జరిగితేనే ఇంకొకరికి చోటు. జరిగేది ఎప్పుడూ ఒకే మనిషి అయితే ఆ తేడా ఎక్కడో ఒకచోట తేలాలి. మా అక్కకి ఒంట్లో తేలింది.

బావ పోయిన కొన్నాళ్ళకి అక్క కిడ్నీలు పాడయ్యాయి. బాపట్ల నుంచి నా దగ్గరికి రేపల్లె వచ్చేసింది. అప్పటినుంచి వారానికి మూడుసార్లు తెనాలిలో డయాలసిస్. ప్రతిసారీ నాలుగు గంటలు మిషను మీద ఉండాలి. తను మంచం మీద ఉంటే నేను బయట బల్ల మీద కూర్చుంటాను. ఆ బల్ల మీద నాకు నిద్రా పట్టదు, మెలకువా ఉండదు. ఏం ఆలోచించానని అడిగితే చెప్పలేను.

రేపల్లె లైను పేషెంట్లందరికీ ఒక పద్ధతి ఉంది. నాలుగు గంటలూ ఉంటే తిరుగుబండి తప్పిపోతుంది, ఇక బస్సే గతి. అందుకని అరగంట ముందే లేచేస్తారు. చెయ్యి మీద దూది నొక్కిపట్టుకుని ఆటో ఎక్కుతారు. స్టాఫ్ కూడా దానికి అలవాటుపడిపోయి, తర్వాతి పేషెంటుని అరగంట ముందే రమ్మంటారు. అందరికీ అనుకూలంగానే ఉంటుంది.

"వారానికి మూడు అరగంటలు," అని అక్కకి చెప్పాను. "నెలకి ఆరు గంటలు. అంటే ఒకటిన్నరసారి అసలు చేయించుకోనట్టే."

"బస్సు కుదుపులకి నాకు వాంతులవుతాయిరా. నీకేమో మిల్లులో డ్యూటీ పోద్ది. అరగంటదేముంది, అడ్జస్ట్ అయిపోతాను."

అంటే మిషను తియ్యాల్సిన నీరు కొంత ఒంట్లోనే ఉంచేసుకుంటానని. అక్క నోట ఆ మాటకి అది ఇంకో అర్థం.

పోయిన వర్షాకాలంలో కాళ్ళు ఉబ్బాయి. తర్వాత పడుకుంటే ఆయాసం మొదలైంది. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, నీరు ఊపిరితిత్తుల దాకా వచ్చిందని చెప్పారు. నాలుగు గంటలూ పూర్తిగా ఉండాలనీ, ఇంకోసారి ఇలా వస్తే తెనాలిలో చూడలేరనీ, గుంటూరు ఐసీయూకి వెళ్ళాల్సిందేననీ అన్నారు. అక్క "అలాగేనండి" అంది. ఆవిడ అందరికీ అలాగే అంటుంది కాబట్టి నాకు నమ్మకం కలగలేదు.

ఆ తర్వాతి డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు ముందు బరువు చూశారు. ఉండాల్సిన దానికంటే మూడున్నర కిలోలు ఎక్కువ. అదంతా నీరే. మిషను పెట్టారు. మూడున్నర గంటలు కావస్తుంటే టెక్నీషియన్ కుర్రాడు తలుపు తీసి నన్ను లోపలికి పిలిచాడు. అక్క మంచం పక్కన, తన తర్వాత ఆ మంచం ఎక్కే వేమూరు పెద్దాయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎగశ్వాస. వెనక ఆయన కూతురు నిలబడి ఉంది.

"ఆంటీ, పెద్దాయనకి ఆయాసంగా ఉంది. మిగతా బెడ్లన్నీ ఇప్పుడే మొదలెట్టాం. మీరు ఎలాగూ ట్రైనుకి లేస్తారు కదా, అరగంట అడ్జస్ట్ అవుతారా?"

అక్క నావైపు చూసింది. మూడున్నర కిలోల్లో ఇంకా అరకిలో దాకా మిగిలి ఉంటుందని నేను లెక్క కట్టుకున్నాను. పెద్దాయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఆ రెంటినీ ఒకే కాటా మీద ఎలా పెట్టాలో నాకు తెలియలేదు.

"లేవను బాబూ," అంది అక్క. "ఇవాళ నావల్ల కాదు."

"ఎప్పుడూ ముందు లేచేది నువ్వేగా అక్కా! ఇవాళేంటి కొత్తగా? మంచం ఏమైనా రాసిచ్చారా నీకు?" అంది కూతురు.

అడ్జస్ట్ అవ్వనివాళ్ళకి మా వైపు మొండి, పొగరు, స్వార్థం అని మాటలున్నాయి. ఆ అమ్మాయి మొహంలో మూడూ కనబడ్డాయి. అక్క కళ్ళు తిప్పుకోలేదు.

"ఊరుకోవే," అన్నాడు పెద్దాయన, ఊపిరి కూడదీసుకుంటూ. "ఆవిడేం సరదాకి పడుకుందా? నేనేమన్నా పెళ్ళికి తయారవ్వాలా?"

కుర్రాడు ఆయనకి ఆక్సిజన్ గొట్టం పెట్టి గోడవారగా కూర్చోబెట్టాడు. ఆ అరగంటా అక్క నిద్రపోలేదు. ఆయననే చూస్తూ పడుకుంది. నేను గడియారం వైపు చూడకూడదనుకుని చూస్తూనే ఉన్నాను. స్టేషన్లో మా బండి వెళ్ళిపోయే ఉంటుంది.

నాలుగు గంటలూ అయ్యాక సూదులు తీసి బరువు చూశారు. ఉండాల్సినంతే ఉంది. ఎన్ని నెలల తర్వాతో ఆ అంకె చూశాను. సంతోషపడే ఓపిక లేక చెప్పులు వెతకడం మొదలుపెట్టాను.

"బస్టాండుకి వెళ్దామా అక్కా?"

"ఉండరా. ఆయనకి మిషను పెట్టనీ."

దూది నొక్కిపట్టుకుని ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. కుర్రాడు దుప్పటి మార్చి పెద్దాయనని పడుకోబెట్టాడు. మొదటి సూది సరిగ్గా పడలేదు. రెండోసారి గుచ్చాడు. ఆయన మూలిగినప్పుడల్లా అక్క భుజాలు బిగుసుకున్నాయి. కూతురు మావైపు చూడకుండా ఆయన పాదాలు రాస్తోంది. కాసేపటికి గొట్టాల్లోకి ఎరుపు పాకింది. మిషను తిరగడం మొదలైంది. ఊపిరి వెంటనే ఏమీ కుదురుకోలేదు గాని, పెద్దాయన ఖాళీగా ఉన్న చెయ్యి కొద్దిగా పైకెత్తాడు.

"వందనాలమ్మా. ఇక బయల్దేరు, చీకటి పడుద్ది."

అప్పుడు లేచింది.