మోగని మెట్టు

పియానో మాస్టారు వేదిక ఎక్కగానే ముందు తను కూర్చునే బల్ల మర తిప్పుతాడు. కాస్త పైకి, కాస్త కిందికి, మళ్లీ పైకి. ఆ తర్వాత చేతిరుమాలుతో పియానో మెట్లన్నీ తుడుస్తాడు. జనం దాన్ని నిష్ఠ అనుకుంటారు. పసితనం నుంచి నేటిదాకా స్వరాల కాగితం ముఖం చూడకుండా వాయించిన చేతులాయె. పోయినేడు ఆ చేతులు కచేరీ నడిమధ్యలో ఠక్కున ఆగిపోయాయి. తర్వాతి స్వరం గుర్తుకు రాలేదు. పియానో మెట్టును మరీ మెత్తగా అదిమితే మోగదు; ఆ సంగతి వాయించేవాళ్లకే తెలుసు. ఆయన ఒక మెట్టును అలాగే రెండు మూడుసార్లు అదిమి, అది పాడైనట్టు మొహం చిట్లించాడు. హాలంతా అయ్యో పాపం అనుకుంది. ఈలోగా స్వరం గుర్తొచ్చి కచేరీ గట్టెక్కింది.

తెర వెనక, పియానో శ్రుతి చేసే ముసలాయన చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "ఇప్పుడు బాగానే పలుకుతోంది సార్. నేనే సరిగ్గా చూసుకోలేదేమో, ఏమనుకోకండి."

"ఫర్వాలేదులే, ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు మాస్టారు.

ఇంటికెళ్లే దారిలో భార్య, "ఇంకొకరైతే అతన్ని చెడామడా తిట్టేవారు. మీది పెద్ద మనసండీ" అంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయన గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.

ఇప్పటికీ మాస్టారి కచేరీ అంటే ముసలాయన ఆ ఒక్క మెట్టునే పదేపదే నొక్కి చూసి, "ఇవాళ భయం లేదు సార్" అని చెప్పి మరీ వేదిక దిగుతాడు. మాస్టారు తలెత్తడు. వంగి బల్ల మర తిప్పుతూనే ఉంటాడు. ఎత్తు ఎప్పుడో సరిపోయింది.