మాస్టర్ గిటారుకు కొత్త నట్

పొద్దుటి బెంగుళూరు రైలు బంగారుపేట చేరేసరికి ఫోను వచ్చింది. మా గిటారు మాస్టర్ పోయారు. ఆఫీసుకు రాలేనని చెప్పి, దిగి, వచ్చిన దారినే రాబర్ట్‌సన్‌పేటకు తిరిగొచ్చేశాను.

కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా చర్చిలో వాయించేవాళ్ళు ఒక్కొక్కరే పనులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. చివరికి మిగిలింది ఒక పాత హార్మోనియం, మాస్టరు, ఆయన గిటారు. పాటకు ముందు ఆయన హార్మోనియం మెట్టు నొక్కించి, తల ఓరగా పెట్టి విని, గిటారు రెండో తీగను కాస్త వదులు చేసేవారు. తర్వాత మావైపు చూసి, "ఇంగ పాడండప్పా" అనేవారు. ఆ మాట వినకపోతే మాకు గొంతు పెగిలేది కాదు.

ఆయన దిగులల్లా తన తర్వాత ఆ గిటారు ఎవరు చేపడతారన్నదే. నాతో సహా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళమంతా కొన్నాళ్ళకే మానేసేవాళ్ళం. గిటారు మెడమీద అడ్డంగా ఉండే కమ్మీల్లో, అంటే ఫ్రెట్లలో, మొదటివాటి దగ్గర వేలు నొక్కితే చాలు, స్వరం పైకి జారిపోయేది. ఆయన చేతికి ఆ జారుడు అలవాటే. మా చేతికి లొంగేది కాదు.

గిటారు మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీని నట్ అంటారు. ఒక్కో తీగకు ఒక్కో కొలతలో అంచు ముందుకు జరిపిన నట్ వేస్తే ఆ జారుడు తగ్గుతుందని ఎక్కడో చదివి, బెంగుళూరు నుంచి ఒకటి తెచ్చాను. ఆయన ముఖం చిట్లించారు.

"మా నాయన అండర్‌గ్రౌండ్‌లో దిగి సంపాదించి కొనిచ్చినాడమ్మా. దీనికి ఆకురాయి తగిలించేదానికి నాకు మనసు రాదు."

నేనూ మొండిదాన్నే. మీ తర్వాత ఎవరు వాయిస్తారు మాస్టర్ అని అడిగేశాను. అడిగి నాలిక కరుచుకున్నాను గానీ, మరుసటి ఆదివారం ఆయనే ఆకురాయి తెచ్చుకుని చర్చి వెనక బెంచీమీద కూర్చున్నారు.

కొత్త నట్ మంత్రమేమీ వెయ్యలేదు. పై ఫ్రెట్లలో పెద్ద తేడా లేదు. మొదటి ఫ్రెట్ల దగ్గర మాత్రం నా వేలికింద కూడా స్వరం నిలిచింది. ఫోనులో స్వరం సరిచూసే ట్యూనర్ పెట్టుకుని తీగలన్నీ బిగించి, సంబరంగా పాట ఎత్తుకున్నాం. హార్మోనియంతో కలిసేసరికి వినలేకపోయాం. నట్టే పాడుచేసిందని తలో మాటా అన్నారు. మాస్టరు హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే నొక్కి గిటారుతో పోల్చి చూశారు. వాటిలో ఒక స్వరం ఎప్పటినుంచో కిందికి దిగిపోయి ఉంది. దానికి సరిపోవడానికే ఆయన ఇన్నేళ్ళూ రెండో తీగను వదులు చేస్తూ వచ్చారు. ఆయన వెనకే మేమూ అక్కడ కిందికే పాడుతూ వచ్చాం.

ఆయన నవ్వేశారు. "గిటారు సరిగ్గానే ఉండాదమ్మా. ఇంగ మనమే పైకి రావల్ల."

అంత సులువుగా రాలేదు. హార్మోనియం మూసేసినా, ఆ స్వరం వచ్చే చోటికి రాగానే మా గొంతులు పాత అలవాటుకే పోయేవి. ఆయన విసుక్కునేవారు కాదు. రెండో తీగ ఒక్కటే మీటి, మేం చేరేదాకా ఆగేవారు. ఓర్పంటే ఏమిటో నేను అక్కడే చూశాను. ఈమధ్య నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మానడం లేదు. అది ఆయన కళ్ళారా చూసి వెళ్ళారు.

భూస్థాపన నాడు ఆయన భార్య గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇంగ పాడండప్పా" అనే మనిషి లేరు. మేమే ఎత్తుకున్నాం. ఆ చోటు వచ్చేసరికి ఏడుపుతో గొంతులన్నీ కిందికి జారాయి. నేను రెండో తీగ ఒక్కటే మీటి ఆగాను. ముందు వరసలోంచి ఆయన భార్య గొంతు పైకి లేచింది. వెనక ఇంకొకరిది, ఆ వెనక మరొకరిది. అందరూ వచ్చి చేరేదాకా ఆ తీగ మోగుతూనే ఉంది.