పాప డొక్క చూడమన్న గొంతు

దయ్యాల ముచ్చట ఎవరన్నా తీస్తే నవ్వి లేచిపోయేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నయని నేను అనను. కానీ ఆ పగలు మా ఇంట్ల జరిగింది మాత్రం చెప్పాలె.

మాది నాగర్‌కర్నూల్‌కు దగ్గర్ల, కొల్లాపూర్ రోడ్డు మీది ఊరు. నా భర్త పుణెల సెంట్రింగ్ పనికి పోయిండు. ఇంట్ల నేను, రెండు నెలల పాప, మా అత్తమ్మ. అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. మంచం దిగలేదు. మాట పూర్తిగా పడిపోయింది.

చలికాలం. పాపకు మూడు రోజుల సంది జలుబు, దగ్గు. నాలుగో రోజు పొద్దుగాల దగ్గు తగ్గింది. జ్వరం లేదు, ఏడుపు లేదు, మెల్లగ పండుకుంది. నయమైతుందనుకున్న. పాలు తాగకపోతే నిద్రమత్తనుకున్న.

ఏడింటికి అత్తమ్మకు జావ తాపి పాప దగ్గరికి వచ్చిన. మళ్ళ ఆమె గదిలకు పోలేదు.

మధ్యాహ్నం రెండయితుండొచ్చు. బియ్యం ఏరుతున్న. అత్తమ్మ గదిల నుంచి పిలుపు.

"సుజాతా! పిల్ల డొక్కలెగరేస్తుంది, సూడు పో!"

అత్తమ్మ గొంతే. పక్షవాతం రాకముందటి గొంతు.

ఆమెకు మాటొచ్చిందని సంబరపడే టైం కూడా లేదు. పాప అంగీ ఎత్తి చూసిన. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంది. ముక్కు పుటాలు అదురుతున్నయి. పెదాలు నీలంగ ఉన్నయి. పొద్దుగాల కట్టిన ఉచ్చగుడ్డ ఇంకా పొడిగనే ఉంది.

"అత్తమ్మను జర చూడక్కా" అని పక్కింటి లక్ష్మమ్మకు చెప్పి ఆటో ఎక్కిన.

దవాఖానల డాక్టరమ్మ చూస్తనే ఆక్సిజన్ పెట్టించింది. "వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగింది. దగ్గు తగ్గడం కాదమ్మా, బిడ్డకు దగ్గే ఓపిక పోయింది. సాయంత్రం దాకా ఆగితే దక్కేది కాదు" అన్నది.

అప్పుడే లక్ష్మమ్మ ఫోన్ చేసింది.

"మీ అత్తమ్మ పోయిందే."

"ఇప్పుడే మాట్లాడింది గదా అక్కా!"

"నువ్వు ఆటో ఎక్కంగనే లోపలికి పోయిన. ఒళ్ళంత కట్టెలెక్క బిగిసి ఉంది. పొద్దుగాలనే పోయినట్టుంది, సుజాతా."

పాపను ఆరు రోజులకు ఇంటికి తెచ్చిన. అత్తమ్మను మట్టి చేసిన నాడు నేను లేను.

"అంగన్‌వాడీల ఎన్నడో చెప్పిన జబ్బు గుర్తులనే నీ మనసు నీకు వినిపించింది" అంటది మా ఆడబిడ్డ. కావచ్చు. కానీ లక్ష్మమ్మ కూడా తన వాకిట్ల ఉండి, నన్నెవరో పిలిచింది విన్నదట. ఎవరో చుట్టం వచ్చిన్రనుకుందట.

పిలిచింది ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు. అత్తమ్మ పాణం పోయినప్పుడు పక్క గదిలనే ఉండి నేను తొంగి చూడలేదు, అది మాత్రం తెలుసు. ఆ మాట నా భర్తకు ఇంకా చెప్పలేదు.